అమ్మ పుచ్చుకున్న తాంబూలం

నేను లా కాలేజీలో కాంట్రాక్టు చట్టం చెబుతాను. ఉండేది ఫిలింనగర్లో. ఈ రెండూ ఒకే మనిషి నెత్తిన పడడం చూస్తే దేవుడికి కూడా వేళాకోళమంటే సరదా అనిపిస్తుంది. పొద్దున కాలేజీలో, ప్రతిపాదన అంటే ఏమిటి, అంగీకారం అంటే ఏమిటి, ఒకరు అడిగింది మరొకరు సరేనంటే అది ఏ క్షణాన ఒప్పందమవుతుంది అని గొంతు చించుకుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి, ఈ మూడింటితో ఏ సంబంధమూ లేకుండా హాయిగా నడిచిపోతున్న పేట మధ్య కూర్చుని కాఫీ తాగుతాను.

మా పేటలో చెలామణీ అయ్యే మాటలు రెండే. ఒకటి "చేద్దాం", రెండోది "చూద్దాం". కథ చెప్పడానికి వచ్చిన రచయితతో నిర్మాత "బాగుంది, చేద్దాం" అంటాడు. అతను బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసి సినిమా ఖాయమైందంటాడు. కొన్నేళ్ళ తర్వాత చూస్తే అదే కాఫీ షాపులో, అదే బల్ల దగ్గర, అదే కథ మరో నిర్మాతకు చెబుతూ కనిపిస్తాడు. ఎవరు, ఎప్పుడు, ఏమిచ్చి, ఏం చేస్తారో అందులో లేదు కాబట్టి చట్టం దృష్టిలో "చేద్దాం" అనేది ప్రతిపాదనే కాదు. ఇవాళ ఎండగా ఉందని అనడం లాంటిదే అదీ.

"చూద్దాం" సంగతి వేరు. దానికి అర్థం చాలా కచ్చితం. ఫిలింనగర్లో ఎవరూ ఎవరికీ కుదరదని చెప్పరు, అది మర్యాద కాదు. "చూద్దాం" అంటారు. ఆ మాట విన్నవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోవాలి. ఇది తెలియని అమాయకులు అద్దె గదుల్లో ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటారు.

మరి ఈ మనుషుల మధ్య ఒప్పందం ఎలా కుదురుతుందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. జవాబు తాంబూలం. ఒక పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, ఆడవాళ్ళకైతే జాకెట్టు ముక్క, మగవాళ్ళకైతే కండువా, వాటి మధ్య అడ్వాన్సు పెట్టిన కవరు. మంచి రోజు చూసి ఆ పళ్ళెం చాపుతారు. ఇచ్చేవారు ఇచ్చి, పుచ్చుకునేవారు రెండు చేతులతో పుచ్చుకుంటే పని అయిపోయినట్టే. సంతకాలు, కాగితాలు ఎప్పుడో తర్వాత, గుర్తుంటే. ఇంగ్లండులో జడ్జీలు రెండు మూడు వందల ఏళ్ళు తలలు బద్దలు కొట్టుకుని తేల్చిన విషయాన్ని మా వాళ్ళు రెండు అరటిపళ్ళతో తేల్చేశారు. నేను ఇది క్లాసులో చెబితే పిల్లలు నవ్వుతారు గానీ పరీక్షలో రాయరు.

చట్టం చెప్పే మనిషితో కాపురం చేయడం కష్టమని మా ఆయన అంటారు. ఒకసారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక బట్టల షాపు ముందు ఆగాం. అద్దాల వెనక బొమ్మకు ఒక గద్వాల చీర కట్టి, కొంగుకు ధర చీటీ తగిలించారు. షాపువాడు ఆ చీర అమ్ముతానని మనకు మాటివ్వడం లేదని, లోపలికొచ్చి అడగమని పిలుస్తున్నాడంతేనని, అడిగేది మనమని, ఒప్పుకునేది అతనని మా ఆయనకు వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "అంటే మనం అడక్కపోతే ఏ గొడవా లేదన్నమాట" అని కారు తీశారు. ఆ చీర ఇప్పటికీ నాకు లేదు.

ఇప్పుడు స్కూటరు సంగతి చెప్పాలి. అది మా నాన్నది. లేత నీలం రంగు, ఎడమ చేతి పిడికిట్లో గేరు, పక్కకు వంచి కిక్కు కొడితే తప్ప కదలని రకం. నాన్న సినిమా కంపెనీల్లో లెక్కలు రాసేవారు. మోతీనగర్లో అద్దెకుండి, రోజూ దాని మీదే ఇటు వచ్చేవారు. ఆయన పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది, అమ్మతోపాటు స్కూటరూ వచ్చింది. బండి కాగితాలు అమ్మ పేరుకు మార్పించింది నేనే. ఆ ఆఫీసులో దగ్గరుండి సంతకాలు పెట్టించి, చట్టం తెలిసిన కూతురుంటే ఎంత నయమో అని నాలో నేనే మురిసిపోయాను.

అపార్టుమెంటు కింద పార్కింగులో, మా కారు వెనక, గుడ్డ కప్పుకుని ఉండేది స్కూటరు. ప్రతి ఆదివారం కిందికి దిగి, గుడ్డ తీసి, తుడిచి, కిక్కు కొట్టేదాన్ని. అది ఎప్పుడూ స్టార్టయ్యేది కాదు. మా ఆయన బాల్కనీలో పేపరు పట్టుకుని నిలబడి ఈ కార్యక్రమం చూసేవారు. పాత సామాను వాడికి ఇచ్చేద్దామని ఏడాదికోసారి ఆయన అనడం, నేను నాలుగు రోజులు మాట్లాడకపోవడం మామూలే. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా పార్కింగులోకి వచ్చి దాన్ని చూడలేదు. చూస్తే దుఃఖం ఆగదని నేను అర్థం చేసుకున్నాను. అడగలేదు. కొన్ని అడగకూడదు కదా.

అమ్మ అసలు ఏదీ అడిగే మనిషి కాదు, చెప్పే మనిషీ కాదు. మా ఇంట్లో శ్రావణ శుక్రవారం పేరంటం జరిగితే పనంతా ఆమెదే. శనగలు నానబెట్టడం, బూరెలు వండడం, వచ్చే ముత్తయిదువలకు తాంబూలాలు సర్దడం అన్నీ చేస్తుంది. సాయంత్రం బెల్లు మోగగానే లోపలి గదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకుంటుంది. మధురానగర్ నుంచీ జూబ్లీహిల్స్ నుంచీ వచ్చిన మా స్నేహితురాళ్ళు వాయనాలు పుచ్చుకుని, బూరెలు ఎవరు చేశారో గాని అద్భుతం అని వెళ్ళిపోతారు. పేరంటం కబుర్లు అమ్మకు విసుగని మా ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళం. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది గానీ, ఇంట్లో అదంతా ఎవరు చూస్తారు.

మా పక్కిల్లు షూటింగులకు అద్దెకిస్తారు. ఆ హాల్లో జరిగిన పెళ్ళిళ్ళకూ చావులకూ లెక్క లేదు. కిందటి ఎండాకాలం అక్కడ షూటింగు జరుగుతుంటే ప్రొడక్షన్ మేనేజరు నీడ కోసం మా పార్కింగులోకి వచ్చాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, పుట్టి పెరిగింది బోరబండలోనట, చేతిలో రెండు ఫోన్లు, రెండూ మోగుతూనే ఉంటాయి. ఆదివారం కావడంతో గుడ్డ తీసి నేనక్కడే ఉన్నాను. అతను రెండు ఫోన్లూ జేబులో పెట్టి స్కూటరు చుట్టూ తిరిగి చూశాడు.

"మేడం, గీ స్కూటర్ ఎవలది? అమ్ముతరా?" అన్నాడు.

ఇది ప్రతిపాదన కాదు, ఉత్త విచారణ. ధర లేదు, షరతు లేదు. నేను జవాబివ్వాల్సిన పని లేదు. అయినా మర్యాదస్తురాలిని కనుక "చూద్దాం" అన్నాను. అతను నవ్వి వెనక్కి తిరిగాడు. ఆ మాట అర్థం కానివాడు ఈ పరిశ్రమలో మేనేజరు కాలేడు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ నేను పాఠం చెప్పే మనిషిని. అతని వెనక నుంచి, అయినా ఈ బండి నాది కాదు బాబూ, మా అమ్మది, కాగితాలు ఆమె పేరున ఉన్నాయి, అమ్మాలంటే ఆమె అమ్మాలి, నేను అమ్మినా చెల్లదు అని విడమరిచి చెప్పాను. అతను ఆగాడు. అమ్మగారు ఏ అంతస్తులో ఉంటారని అడిగాడు. అదీ చెప్పాను.

శుక్రవారం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి దేవుడి గూట్లో ఒక స్టీలు పళ్ళెం కనిపించింది. ఆకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, కుంకుమ పొట్లం, ఆకుపచ్చ జాకెట్టు ముక్క, ఒక కవరు. ఎవరింట్లో పేరంటమని అడిగాను. సినిమా వాళ్ళు ఇచ్చారంది అమ్మ, వంటింట్లోంచి. సినిమా వాళ్ళెందుకిచ్చారంటే ఏదో చెప్పబోయి, నూనె కాగిపోయిందని వడియాలు వేయించడంలో పడిపోయింది. ఆమె మొహంలో ఏదో వెలుగు ఉంది. పొయ్యి దగ్గరి వేడి అనుకున్నాను.

అంతలో మేనేజరు ఫోన్ చేశాడు. తాంబూలం అయిపోయిందని, సోమవారం పొద్దున బండి తీసుకుపోవడానికి మనుషుల్ని పంపుతానని, మిగతా డబ్బు అప్పుడే అమ్మగారి చేతికిస్తానని అన్నాడు. స్కూటరుతో ఏం చేస్తారని అడిగాను. పాతకాలం కథ మేడం, హీరో తండ్రి స్కూటరు మీద పోతుంటే లారీ గుద్దుతుంది, లారీ చక్రాలు స్కూటరు మీదినుంచి పోతాయి, అందుకే అద్దెకు కాదు, కొనుక్కుంటున్నామని చెప్పాడు. హీరో తండ్రి వేషం వేసినాయనకు ఏమీ కాదు, బండి మీద ఉండేది డూపు అని కూడా నాకు ధైర్యం చెప్పాడు.

లేత నీలం రంగు మీద లారీ చక్రం ఎక్కడం నా కళ్ళ ముందు కనబడుతోంది. అమ్మకేం తెలుసు పాపం. మోతీనగర్లో వంటిల్లు దాటి బయటికి రాని మనిషి, సినిమా అంటే మధ్యాహ్నం టీవీలో వచ్చేదే అనుకునే మనిషి. పెద్దామె అని గౌరవించి తాంబూలం ఇచ్చారనుకుని చేతులు చాపి ఉంటుంది. అతనేమో అడ్వాన్సు పుచ్చుకుందనుకున్నాడు. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది అంగీకారం. ఇక్కడ ఒకరు మర్యాద పుచ్చుకున్నారు, ఒకరు బేరం కుదుర్చుకున్నారు. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. భయపడుతూనే కొంచెం సంబరపడ్డాను కూడా, చెబితే తప్పేముంది.

మేనేజరుతో ఇదంతా వాదించాను. వ్యాపారంలో ఉన్న ఆచారం ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళకే వర్తిస్తుంది, తెలియని ముసలామెకు వర్తించదని గట్టిగా చెప్పాను. అతను కోర్టులో ప్రత్యర్థిలా మాటకు మాట అంటాడని ఎదురుచూశాను గానీ నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

"గట్లయితే తాంబూలం వాపస్ ఇచ్చేయండి మేడం, బాత్ ఖతం" అన్నాడు. "మా దాంట్ల గదే లెక్క. పళ్ళెం తిరిగొచ్చిందంటే మేం ఇంకో మాట మాట్లాడం. కని జర రేపు పొద్దుగాల చెప్పాలె, ఇంకో స్కూటర్ దేవులాడుకోవాలె గదా."

చట్టం చెప్పేది కూడా అదే. ఒప్పందం చెల్లదని తేలితే పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలి. ఫిలింనగరూ పార్లమెంటూ ఒకే మాట మీదికి రావడం నా జీవితంలో మొదటిసారి చూశాను. ఒక పళ్ళెం పక్కింటికి పంపిస్తే నాన్న స్కూటరు దక్కుతుంది. వాదన అంతా సిద్ధం చేసుకుని మా ఆయనకు వినిపించాను. ఆయన అంతా విని, "ఆవిడ్ని అడిగావా?" అన్నారు. అడగడానికేముంది, చెప్పాలి గానీ, అన్నాను.

అమ్మ గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ ఆకుపచ్చ జాకెట్టు ముక్క పరిచి, దాని మీద పాత జాకెట్టు పెట్టి కొలత చూసుకుంటోంది. నేను కుర్చీ లాక్కుని కూర్చుని మొదలుపెట్టాను. క్లాసులో చెప్పే గొంతు దానంతటదే వచ్చేసింది. నువ్వు పుచ్చుకున్నది మర్యాద తాంబూలం కాదని, అడ్వాన్సని, సినిమా వాళ్ళలో అది పుచ్చుకుంటే స్కూటరు అమ్మినట్టేనని, నువ్వు తెలియక చేశావు కాబట్టి భయం లేదని, పళ్ళెం వెనక్కి పంపితే చాలని చెప్పాను. అమ్మ మధ్యలో ఆపలేదు. చివరిదాకా విని, జాకెట్టు మడత పెట్టింది.

"తెలుసే" అంది.

ఏం తెలుసని అడిగాను.

"అది అడ్వాన్సని తెలుసు. మీ నాన్న వాళ్ళ దగ్గర కాదూ పనిచేసింది. ముహూర్తాలకి ఆ పళ్ళాలన్నీ సర్దింది ఎవరనుకున్నావు? నువ్వు హాస్టల్లో ఉన్నావుగా, నీకేం తెలుస్తుంది. సామానంతా స్కూటరు మీద వేసుకొచ్చి ఆయన నా ముందు పోసేవారు. ఎవరి పళ్ళెంలో జాకెట్టు ముక్క, ఎవరి పళ్ళెంలో కండువా అని చెప్పేవారు. పుచ్చుకున్నాక ఇంక వెనక్కి లేదని కూడా ఆయనే చెప్పేవారు."

నా కేసు మొత్తం ఆ మంచం మీదే కూలిపోయింది. వ్యాపార ఆచారం తెలియని అమాయకురాలన్న వాదనకు మా అమ్మ పనికిరాదు. ఈ ఊళ్ళో ఎంతమంది హీరోయిన్ల తాంబూలాలు ఆమె చేతి మీదుగా వెళ్ళాయో. అవి ఎలా సర్దాలో తెలుసు, ఎందుకిస్తారో తెలుసు, పుచ్చుకుంటే ఏమవుతుందో తెలుసు. ఇంత పూర్తి జ్ఞానంతో అంగీకరించిన మనిషిని నేను నా వృత్తిలో చూడలేదు.

అయినా వదల్లేదు. దాన్ని లారీ కింద పడేస్తారమ్మా, నాన్న స్కూటరు, అన్నాను.

లారీ సంగతి కూడా అతను దాచలేదని చెప్పింది అమ్మ. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడట, కాఫీ అడిగి పుచ్చుకున్నాడట, కథంతా చెప్పాడట. ఆ హీరో తండ్రి పాత్రకు ఇంకొంచెం సేపు బతికే అవకాశం ఇవ్వకూడదా అని అమ్మ అడిగితే, డైరెక్టరుకు చెప్పి చూస్తానన్నాడట. ఇక స్కూటరు మీద ఆమెకున్న ప్రేమ గురించి నేను అల్లుకున్నదంతా ఆమె ఒక్క నిమిషంలో ఊడదీసింది. దాని మీద కూర్చుంటే నడుము పట్టేసేదట. వాన వస్తే ఎర్రగడ్డ దగ్గర ఆగిపోయేదట, ఈమె తోసేదట. పెళ్ళినాటి పట్టుచీర కుచ్చిళ్ళు దాని చక్రంలోనే పడి చిరిగాయట. పార్కింగులోకి రాకపోవడానికి కారణం దుఃఖం కాదట, మెట్లట.

"ఆయనంటే ఇష్టం గాని ఆ డొక్కు బండంటే నాకేం ఇష్టమే. నువ్వు ప్రతి వారం దానికి చేసే సేవ చూసి, నీకిష్టమేమో అని ఊరుకున్నాను."

నేను ఆమె కోసం దాచాను, ఆమె నా కోసం ఊరుకుంది. ఇంట్లో ఇద్దరు మనుషులు ఇన్నేళ్ళూ ఒకరి మౌనానికి ఒకరు అర్థం చెప్పుకుంటూ ఒక డొక్కు బండికి పార్కింగు చార్జీ కట్టాం. సరే, నీకిష్టం లేకపోతే పోనీ, నాకిష్టం కాబట్టయినా ఆ పళ్ళెం వెనక్కిచ్చెయ్యి అని అడిగాను. నేను అడిగితే అమ్మ ఎప్పుడూ కాదనలేదు.

అమ్మ జాకెట్టు ముక్క మీద చెయ్యి వేసింది. నా వైపు చూడకుండా చెప్పింది.

"అతను నన్ను చూసి పళ్ళెం చాపాడే. నా నుదురు చూశాడు, మెడ చూశాడు, అయినా ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తూర్పుగా నిలబడమ్మా అన్నాడు. మీ నాన్న పోయాక నా చేతిలో తాంబూలం ఎవరూ పెట్టలేదు. ఇది నేను వెనక్కివ్వను."

ఒప్పందం చేసుకోవడానికి ఎవరు అర్హులో నేను ఏటా చెబుతాను. మైనరు కాకూడదు, మతి స్థిమితం ఉండాలి. అంతే. నుదుట కుంకుమ ఉండాలని, భర్త బతికి ఉండాలని అందులో ఎక్కడా లేదు. ఆ మేనేజరు సంఘ సంస్కర్తా కాదు, పాడూ కాదు. బండి ఎవరిదో వాళ్ళకు తాంబూలం ఇవ్వాలి, ఆడమనిషైతే జాకెట్టు ముక్క పెట్టాలి, అంతవరకే అతనికి తెలుసు. అమ్మ అతని కంటికి బండి సొంతదారు, బేరానికి అవతలి పక్షం. మా ఇంట్లో అమ్మకు ఆ హోదా ఎప్పుడూ రాలేదు. బూరెలు చేసే హోదా వచ్చింది. లేచి వచ్చేశాను.

ప్రతిఫలం సరిపోయిందా లేదా అన్నది చట్టానికి అనవసరం. ఏనుగునిచ్చి గుండుసూది పుచ్చుకున్నా, ఇష్టపడి పుచ్చుకుంటే ఒప్పందం చెల్లుతుందని పిల్లలకు చెప్పి నవ్విస్తుంటాను. అమ్మ ఆ కవరు సోమవారం దాకా విప్పి చూడలేదు. ఆమెకు రావాల్సింది శుక్రవారమే వచ్చేసింది. మేనేజరుకు ఫోన్ చేసి, పళ్ళెం తిరిగి రాదు, బండి తీసుకెళ్ళండని చెప్పాను. మంచిది మేడం అన్నాడు, ఎందుకని అడగలేదు.

సోమవారం పొద్దున వాళ్ళ వ్యాను వచ్చింది. అమ్మ గోడ పట్టుకుని పట్టుకుని మెట్లన్నీ దిగింది. మేనేజరు స్కూటరు హెడ్‌లైటుకు కుంకుమ పెట్టి, చక్రం ముందు కొబ్బరికాయ కొట్టాడు. లారీ కింద పడబోయే వస్తువుకు ఇంత శుభకార్యమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, ఇది స్టార్టు కాదు, తర్వాత నన్ననకండి అన్నాను. లారీ కింద పడేదానికి స్టార్టు ఎందుకు మేడం అన్నాడతను. కొనేవాడు ఏ పనికని చెప్పి కొంటాడో ఆ పనికి వస్తువు పనికిరావాలని వస్తు విక్రయ చట్టంలో ఉంది. ఆ లెక్కన మా స్కూటరులో ఏ లోపమూ లేదు.

అమ్మ కొంగు ముడి విప్పి తాళం చెవి తీసింది. తాళం చెవి చేతికిస్తే బండి చేతికిచ్చినట్టేనని చట్టం ఒప్పుకుంటుంది. ఆమె దాన్ని రెండు చేతులతో ఇచ్చింది, అతను రెండు చేతులతో పుచ్చుకుని ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు. స్కూటరును నలుగురు ఎత్తి వ్యానులో పెట్టారు. వెళ్ళిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు. మెట్లెక్కేటప్పుడు నా భుజం పట్టుకుని, టైలరు జాకెట్టు ఎప్పటికిస్తానన్నాడో కనుక్కోమంది.

తర్వాత శ్రావణం వచ్చింది. ఆ శుక్రవారం శనగలు నేనే నానబెట్టాను, తాంబూలాలు నేనే సర్దాను, అమ్మను ఏదీ ముట్టుకోనివ్వలేదు. ఒక పళ్ళెం విడిగా పెట్టాను. లేత ఆకులు ఏరి, మంచి పట్టు జాకెట్టు ముక్క కొని, అరటిపళ్ళు మచ్చలేనివి చూసి పెట్టాను. ముత్తయిదువలు రాకముందే, మొదటి తాంబూలం ఆమెకే ఇవ్వాలని గదిలోకి వెళ్ళాను.

అమ్మ ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. తూర్పుగా నిలబడమ్మా అన్నాను. పళ్ళెం రెండు చేతులతో చాపాను. ఆమె పళ్ళెంలోకి చూసింది, జాకెట్టు ముక్క అంచు వేలితో తడిమి చూసింది, నా మొహం చూసింది. కోపం ఏమీ లేదు ఆమె కళ్ళల్లో, అది ఉంటే బాగుండేది. ప్రతిపాదన ఎల్లకాలం నిలిచి ఉండదని, ఇవ్వాల్సిన సమయం దాటిపోతే దానంతటదే చెల్లకుండా పోతుందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"చూద్దాం" అంది అమ్మ, టీవీ రిమోటు అందుకుంటూ.

ఫిలింనగర్లో ఆ మాట విన్నవాళ్ళు చెప్పులు వేసుకుని వెళ్ళిపోవాలి. బయట బెల్లు మోగింది, మా ఆయన తలుపు తీశారు, హాల్లో ముత్తయిదువల మాటలు వినిపిస్తున్నాయి. నేను వెళ్ళలేదు. పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను.